వంటింటి కబుర్లు: పులస దేశం నుంచి సాల్మన్ దేశానికి



"తెల్లారితే కార్తీకమాసం, ఇప్పుడు చేపల కబుర్లేమిటమ్మా?" అని పెద్దవాళ్ళు కొందరు నొసలు చిట్లించవచ్చు. వారి మాట నిజమే. మా ఇంట్లోనూ కార్తీకం నెల్లాళ్ళూ నీచు ముట్టం. కానీ సంచిక వచ్చేది ఏడాదికొక్కసారి, సంపాదకులు అడిగినప్పుడే రాసి ఇవ్వాలి. కనక ఈ పేజీని ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంచండి. పోలిని స్వర్గానికి పంపించాక తీసి వండుకోండి.

ఈసారి సాల్మన్ గురించి రాయడానికి కారణం ఉంది. మొన్న వినాయకచవితి భోజనాల దగ్గర కొత్తగా కాపురాలు పెట్టిన అమ్మాయిలు ముగ్గురు నన్ను పట్టుకున్నారు. "ఆంటీ, శని ఆదివారాలు ఏదో ఒకటి వండేస్తాం. వారం మధ్యలోనే చచ్చిపోతున్నాం. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరున్నర. మీరేం చేస్తారు?" అని అడిగారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు, సంచికలో రాస్తానని మాటిచ్చాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. 2017 జనవరిలో మావారికి గుండెల్లో నొప్పి వచ్చింది. అప్పటికాయనకి నలభై తొమ్మిదేళ్ళు. రెండు స్టెంట్లు వేశారు. మా మామగారు యాభై రెండో ఏట ఇలాగే పోయారు కనక ఆ నాలుగు రోజులూ నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంటికొచ్చాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వేపుళ్ళు తగ్గించాలి, మేకమాంసం తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, వారానికి రెండుసార్లు చేప తినాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు చెప్పేదీ అదే. నూనెలో వేయించని చేప, అందులోనూ సాల్మన్ లాంటి కొవ్వు చేప, వారానికి రెండు పూటలు. ఆ మరుసటి ఏడు, 2018లో, దక్షిణాసియా వాళ్ళ గుండెజబ్బుల గురించి అదే సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించింది. మనవాళ్ళకి ఈ ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువని అందులో ఉంది. కనక ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

అప్పటిదాకా మా ఇంట్లో వారం మధ్య భోజనమంటే ఏమిటో చెప్పడానికి సిగ్గుపడను. సోమవారం ఆదివారం నాటి కోడికూర. మంగళవారం పిజ్జా. బుధవారం కోడిగుడ్డు అట్టు, ఆవకాయ. గురువారం దారిలో ఆగి ఏదో కొనుక్కురావడం. ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని ఒకరు టీవీ ముందుకీ, ఒకరు గదిలోకీ.

చేప తినాలన్నారు కదా అని ఆ శనివారమే పెద్ద సాల్మన్ ముక్క కొనుక్కొచ్చాను. నేను గోదావరి జిల్లా దాన్ని. చేప అనగానే చేతులు వాటంతటవే పులుసు పెట్టేస్తాయి. చర్మంతో సహా ముక్కలు కోసి, పసుపూ ఉప్పూ పట్టించి, బొచ్చె చేపకి పెట్టినట్టే పులుసు పెట్టి అరగంట ఉడికించాను. మూత తీస్తే ముక్కల్లేవు. పైన వేలెడు మందాన నూనె, అడుగున పీచుపీచుగా చేప. మా అబ్బాయి తొంగిచూసి తనకి ఆకలి లేదన్నాడు.

తర్వాత రెండో వైపుకి పోయాను. ఉప్పు లేకుండా, కారం లేకుండా, నీళ్ళలో ఉడికించి నిమ్మచెక్క పెట్టి ఇచ్చాను. మూడు వారాలు అలాగే పెట్టాను. ఒకరోజు రాత్రి మావారు పళ్ళెం మెల్లగా పక్కకి జరిపి, "హాస్పిటల్లో నాలుగు రోజులే పెట్టారు, నువ్వు జన్మంతా పెడతావా?" అన్నారు. కోపంగా అనలేదు, నీరసంగా అన్నారు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. ఆయన్ని బతికించుకోవాలని నేను, పథ్యం తిని బతకడం ఒక బతుకా అని ఆయన. తప్పు ఇద్దరిదీ కాదు.

ఆ రాత్రే రాజమండ్రి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పుకున్నాను. అమ్మ అంతా విని, "ఎక్కడి చేపనే అది?" అంది. చల్లటి సముద్రంలో పెరిగి ఏట్లోకి ఎదురీదుతుందమ్మా, ఒంటినిండా కొవ్వు, ముల్లు తక్కువ అన్నాను. "మరి పులసని బొచ్చెలా వండుతావా? కొర్రమీనుని పులసలా వండుతావా? ఏ చేప పద్ధతి దానిదే. పులుసు ముందు మరగనీ, చేప చివర వెయ్యి. కారం మానమని డాక్టరు చెప్పాడా, నూనె మానమని చెప్పాడా?" అంది.

నిజమే, కారం మానమని ఎవరూ చెప్పలేదు! భయం కొద్దీ నేనే అన్నీ తీసేశాను. అమ్మ అన్న ఆ రెండు మాటల మీదే ఇన్నేళ్ళుగా మా వంటిల్లు నడుస్తోంది.

కొనేటప్పుడు

పసిఫిక్ తీరంలో మనకి దొరికే సాల్మన్ ఐదు రకాలు. కింగ్ అన్నిటికన్నా పెద్దది, కొవ్వు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. సాకై ఎర్రగా, పల్చగా, గట్టిగా ఉంటుంది. కోహో మధ్యరకం. పింక్, చమ్ ఎక్కువగా డబ్బాల్లోకి పోతాయి. ఇవి కాక అట్లాంటిక్ అని రాసి అమ్మేది ఉంది. మన కొట్లలో దొరికే అట్లాంటిక్ సాల్మన్ దాదాపు అంతా పెంపకం చేపే. అలాస్కా అని రాసి ఉంటే అది పట్టిన చేపే. అక్కడ సాల్మన్ పెంపకాన్ని 1990లోనే చట్టం చేసి ఆపేశారు.

ఆ ఎరుపు రంగు దానికి తినే తిండిలోంచి వస్తుంది. రొయ్యజాతి చిన్నచిన్న పురుగుల్లో ఉండే రంగు అది. పెంపకం చేపకి అదే పదార్థాన్ని మేతలో కలిపి పెడతారు. ఏది కొనాలన్నది మీ ఇష్టం, మీ జేబు ఇష్టం. వంటలో మాత్రం ఒక్క తేడా గుర్తుంచుకోండి. పట్టిన చేపలో కొవ్వు తక్కువ కనక త్వరగా ఉడుకుతుంది, త్వరగా ఎండిపోతుంది. పెంపకం చేప ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైనా క్షమిస్తుంది.

గడ్డకట్టిన చేప నాసిరకం అనుకోకండి. పట్టిన పడవ మీదో, ఒడ్డున కర్మాగారంలోనో వెంటనే గడ్డకట్టించినది, మూడు రోజులు మంచు మీద పడున్న తాజా చేపకంటే చాలాసార్లు మేలు. వారం మధ్య వంటకి అదే హాయి కూడా. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేముందు ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలి తీసేసిన ప్లాస్టిక్ కవరులో ఉంటే కవరు కత్తిరించి, చేపని గిన్నెలోకి మార్చి మరీ పెట్టాలి. గాలి తగలని కవరులో కరుగుతూ ఉంటే ప్రమాదకరమైన సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉంది. గట్టు మీద వదిలేసి వెళ్ళవద్దు. పొద్దున్న మర్చిపోతే సాయంత్రం కవరుతో సహా చన్నీళ్ళలో అరగంట పడేసి, కరగగానే వండెయ్యండి.

ముక్క మీద వేలితో ఎదురు రాస్తే గుండుసూదుల్లాంటి ముళ్ళు తగులుతాయి. కనుబొమ్మల పట్టకారు ఒకటి వంటింటికి కేటాయించుకోండి. ముల్లు ఏ వైపు వాలి ఉందో ఆ వైపే లాగితే కండ చిరగదు.

ఉడకడానికి లెక్క: చేప ఎక్కడ ఎక్కువ మందంగా ఉందో అక్కడ అంగుళానికి పది నిమిషాలు. ఓవెన్ 400 డిగ్రీలు. ఫోర్కుతో గుచ్చి తిప్పితే పొరలు పొరలుగా విడిపోవాలి. థర్మామీటరు ఉన్నవాళ్ళకి లోపల 145 డిగ్రీలు ప్రభుత్వం చెప్పే లెక్క. పైన తెల్లగా నురగలా పొంగేది చెడిపోయిన గుర్తు కాదు, మాంసకృత్తి గడ్డకట్టడమే. అది మరీ ఎక్కువగా వచ్చిందంటే మంట ఎక్కువైనట్టు, లేదా ఎక్కువసేపు ఉంచినట్టు.

1. కారం పెట్టిన సాల్మన్ (సోమవారం)

కావలసినవి: పౌనున్నర సాల్మన్, పౌను ఫ్రెంచి బీన్స్, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, ధనియాలపొడి ఒక్కొక్క చెంచా, పసుపు చిటికెడు, ఉప్పు ముప్పాతిక చెంచా, నూనె మూడు చెంచాలు, నిమ్మకాయ. ఇది నలుగురికి సరిపోతుంది.

ఇంట్లోకి రాగానే కోటు విప్పకముందే ఓవెన్ 400కి పెట్టండి, రైస్ కుక్కర్ మీట నొక్కండి. బీన్స్‌కి చెంచా నూనె, కాస్త ఉప్పు పట్టించి ఫాయిల్ పరిచిన పళ్ళెంలో ఒక పక్కగా పరిచి ఓవెన్‌లో పెట్టండి. అవి పది నిమిషాలు వేగేలోపు మిగతా నూనెలో మసాలాలన్నీ కలిపి చేపకి పట్టించండి. పళ్ళెం బయటికి తీసి, ఖాళీ ఉన్న సగంలో చేపని చర్మం కిందకి వచ్చేలా పెట్టి మళ్ళీ పన్నెండు నిమిషాలు. తీశాక నిమ్మరసం. నిమ్మరసం ముందే పట్టించి ఉంచితే పైపొర తెల్లబడి మెత్తబడిపోతుంది, కనక చివరే పిండండి. గరిటెతో ఎత్తితే చర్మం ఫాయిల్‌కే అంటుకుపోయి ముక్క శుభ్రంగా వస్తుంది. కడగాల్సిన గిన్నె ఒక్కటే.

2. ఆవపెట్టిన పొట్లం (మంగళవారం లేదా గురువారం)

రెండు చెంచాల ఆవాలు పావుగంట నానబెట్టండి. రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొబ్బరికోరు, ఉప్పు, పసుపు కలిపి మెత్తగా రుబ్బండి. ఉప్పూ మిరపకాయా ఆవాలతోపాటే వేస్తే చేదు తగ్గుతుంది. ఫ్రీజర్‌లో దొరికే కొబ్బరికోరు బాగానే పనికొస్తుంది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క ఫాయిల్‌లో పెట్టి, పైన ముద్ద పూసి, చెంచాడు నూనె చిలకరించి, పొట్లం కట్టి 400 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు. పొట్లం విప్పేటప్పుడు ఆవిరి మొహాన కొట్టకుండా అవతలి వైపు నుంచి విప్పండి. పొట్లాలు పొద్దున్నే కట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుని వెళ్ళినా చెడదు. ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళు ఓవెన్‌లో పెట్టవచ్చు.

3. పులుసు (బుధవారం)

ఇందులో కిటుకు ఒక్కటే. పులుసు ఆదివారం, చేప బుధవారం.

ఆదివారం: రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి రెండు పెద్దచెంచాల నూనెలో ఎర్రగా వేయించండి. చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగు, అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం రెండు చెంచాలు, ధనియాలపొడి రెండు చెంచాలు, వేయించి కొట్టిన మెంతిపొడి అర చెంచా వెయ్యండి. నిమ్మకాయంత చింతపండు పులుసు పల్చగా మూడు గ్లాసులు పొయ్యండి. పది బెండకాయలు పెద్ద ముక్కలుగా వేసి, ఉప్పూ చిన్న బెల్లంముక్కా వేసి పావుగంట మరిగించండి. చల్లారాక గాజుగిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మామూలుగా వేసే నూనెలో సగమే వేశాం, ఎందుకంటే మిగతా సగం చేపే తెస్తుంది.

బుధవారం: పులుసు తెర్లకాగనివ్వండి. సాల్మన్ చర్మం తీసేసి రెండంగుళాల ముక్కలు కొయ్యండి. అడిగితే కొట్లోనే చర్మం తీసి ఇస్తారు. మంట తగ్గించి, ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి మూతపెట్టండి. ఆరేడు నిమిషాలు చాలు. గరిటె పెట్టవద్దు. గిన్నె చెవులు పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. దించి, కొత్తిమీర చల్లి, పది నిమిషాలు వదిలేస్తే ముక్కకి పులుపు పడుతుంది. ఇంటికొచ్చిన అరగంటలో చేపలపులుసూ అన్నమూ బల్ల మీద ఉంటాయి. శాకాహారులైన మిత్రులు ఆ ఆదివారం పులుసులోనే వంకాయా ములక్కాడా వేసుకోవచ్చు, వారికి నా లెక్క వర్తిస్తుంది.

4. డబ్బా చేప పొరుటు (శుక్రవారం, ఓపిక అయిపోయిన రోజు)

అలమారలో రెండు డబ్బాల సాల్మన్ ఎప్పుడూ ఉంచండి. నీళ్ళు వంపేసి చేత్తో చిదమండి. అందులో ముళ్ళు మెత్తగా పొడైపోతాయి, పారెయ్యక్కరలేదు, కాల్షియం వాటిలోనే ఉంది. చెంచాన్నర నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు, అల్లంవెల్లుల్లి వేయించి, పసుపూ కారమూ చేపా వేసి పొడిపొడిగా అయ్యేదాకా ఐదారు నిమిషాలు తిప్పండి. మిరియాలపొడి చల్లండి. డబ్బాలో ఉప్పు ఉంటుంది కనక రుచి చూశాకే ఉప్పు. వేడన్నంలోకీ, చపాతీలో చుట్టుకోవడానికీ రెంటికీ బాగుంటుంది.

వాసన సంగతి

మనలో చాలామంది చేప వండకపోవడానికి అసలు కారణం ఇదేనని నాకు తెలుసు. పిల్లల కోట్లకి వాసన పడుతుందనీ, బళ్ళో ఎవరేమంటారో అనీ భయం. పొయ్యి వెలిగించక ముందే పడగ్గదుల తలుపులూ, కోట్ల అలమారా మూసెయ్యండి. ఫ్యాను ముందు వెయ్యండి, నూనె తర్వాత పెట్టండి. చేప చుట్టిన కాగితం ఆ రాత్రే బయటి చెత్తడబ్బాలోకి పోవాలి. పొట్లం పద్ధతిలో వాసన అన్నిటికన్నా తక్కువ. మిగిలిన చేప ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. కానీ ఆఫీసు మైక్రోవేవ్‌లో మాత్రం వేడి చెయ్యకండి. స్నేహాలు పోతాయి. చల్లగానే చపాతీలో చుట్టుకు తినండి.

ఇంకొక మాట. సాల్మన్‌లో పాదరసం తక్కువ కనక గర్భిణులు కూడా వారానికి ఎనిమిది నుంచి పన్నెండు ఔన్సుల దాకా తినే మంచి చేపల్లో ప్రభుత్వం దీన్ని చేర్చింది. అయితే చేప మందు కాదు. మావారు మాత్రలు మానలేదు, నడక మానలేదు. మీ డాక్టరు చెప్పిందే మీకు ప్రమాణం.

2019 సెప్టెంబరులో అమ్మ ఇక్కడికి వచ్చింది. బల్లార్డ్ లాక్స్‌కి తీసుకెళ్ళాం. 1917లో సరస్సునీ సముద్రాన్నీ కలుపుతూ కట్టిన ఆ లాకుల పక్కన చేపల కోసం ఇరవయ్యొక్క మెట్ల నిచ్చెన ఉంది. కింద గాజు కిటికీల్లోంచి చూస్తే కోహోలు నీటికి ఎదురు నిలబడి ఈదుతున్నాయి. ఏట్లోకి వచ్చాక అవి తిండి మానేస్తాయనీ, పుట్టినచోటికి చేరి గుడ్లు పెట్టి చచ్చిపోతాయనీ మా అబ్బాయి అమ్మమ్మకి తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పాడు. అమ్మ కిటికీ వదల్లేదు. "మన పులసలే ఇవి. సముద్రంలో విలస, గోదాట్లోకి ఎదురీదితే పులస. ధవళేశ్వరం దాకా వచ్చి ఆనకట్టకి కొట్టుకుంటాయి పాపం. కాటన్ దొరకి మెట్లు కట్టాలని తోచలేదు" అంది. ఆనకట్ట కట్టింది 1852లో. దాని పుణ్యాన అన్నం తిన్న జిల్లా మాది కనక దొరని ఎవరం ఏమీ అనం. కానీ ఆ మాట నాకు అలా ఉండిపోయింది. ఇక్కడా ఈ చేప ఊరికే మిగల్లేదు. ఈ నేల ఆదివాసులు తమ చేపల హక్కు కోసం ఏళ్ళ తరబడి జైళ్ళకి వెళ్ళారు. 1974లో జడ్జి బోల్ట్ తీర్పుతో పట్టుబడిలో సగం వాళ్ళదని తేలింది. మన పళ్ళెంలోకి వచ్చేముందు దీనికి ఇంత కథ ఉంది.

ఆ బుధవారం అమ్మకి పులుసు పెట్టాను. ఒక ముక్క తిని కాసేపు ఏమీ అనలేదు. "పులస కాదులే" అంది. మరో ముక్క వేయించుకుంది.

ఇప్పుడు బుధవారం వంట నాది కాదు, మావారిది. గిన్నె చెవులు పట్టుకుని తిప్పడంలో ఆయనకి నాకంటే ఒడుపు వచ్చింది. పథ్యం అన్న మాట మా ఇంట్లో వినబడి చాలా ఏళ్ళయింది. ఏడింటికి అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం, అరగంట కంటే ఎక్కువ ఎవరికీ తీరదు, కానీ ఆ అరగంట ఉంది.

కనక అమ్మాయిలూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆదివారం గంటసేపు ముందుచూపు, పొద్దున్న ఫ్రీజర్ దగ్గర అర నిమిషం, సాయంత్రం అరగంట. ఈ పేజీ మీతోపాటు ఇంట్లో అబ్బాయిలకీ చదివి వినిపించండి. పులుసు ఎలా కుదిరిందో సంక్రాంతి భోజనాల దగ్గర చెప్పండి. ముక్క విరిగిందంటే మాత్రం గరిటె పెట్టారని నాకు తెలిసిపోతుంది.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.